వంకర చెట్లే దేవుళ్లయిన అడవి

బొమ్మల చిత్రానికి లొకేషన్ ఏమిటి, కాగితం మీద గీసుకుంటారు గదా అనుకుంటున్నారా? 1997లో జపానును ఊపేసిన ‘ప్రిన్సెస్ మొనొనొకె’కి మాత్రం లొకేషన్ ఉంది! దర్శకుడు హయావొ మియజాకీ తన చిత్రకారుల్ని వెంటబెట్టుకుని దేశానికి దక్షిణాన ఉన్న యకుషిమా దీవికి వెళ్లాడు. తల గిరగిరా తిప్పే తెల్లటి ‘కొదామా’ బుడతలకూ, మృగరూపంలో తిరిగే వనదేవతకూ నీడనిచ్చిన ఆ పచ్చదనం చాలామటుకు అక్కడిదే.

కగొషిమా రేవులో స్పీడు పడవ ఎక్కితే రెండు మూడు గంటల ప్రయాణం. సముద్రం మధ్య నుంచి 1936 మీటర్ల ఎత్తున కొండ లేచి నిలబడుతుంది. మేఘాలు దానికి కొట్టుకుని కురుస్తూనే ఉంటాయి. షిరతాని లోయలో కాలు పెట్టారో లేదో, రాయీ వేరూ మానూ అన్నీ నాచు దుప్పటి కప్పుకుని కనిపిస్తాయి. దేవదారును పోలిన ‘సుగి’ చెట్లివి. వెయ్యేళ్లు నిండితేగాని ఇక్కడ ఏ సుగికీ ‘యకుసుగి’ అన్న బిరుదు దక్కదు!

మనిషి చెయ్యి సోకని అడవి అనిపిస్తుంది. కాదు. ఆ నాచు తీసి చూస్తే కింద గొడ్డలి దెబ్బలే!

ఈ దీవి చాలామటుకు గ్రానైటు రాతి నేల, వరి అంతంతమాత్రం. పదిహేడో శతాబ్దం నుంచీ ఇక్కడి జనం సత్సుమా ప్రభువులకు బియ్యానికి బదులు ఇంటికప్పు చెక్కలు పన్నుగా కట్టారు. దేవతల చెట్లను నరకడానికి మొదట భయపడ్డారట. చెట్టుకు గొడ్డలి ఆనించి రాత్రంతా ఉంచేవాళ్లనీ, తెల్లారేసరికి అది పడిపోకపోతే దేవుడు ఒప్పుకున్నట్లేననీ ఓ కథ చెబుతారు. ఆకలి వేసినవాడికి దేవుడు ఒప్పుకోక ఏం చేస్తాడు?

సినిమాలో ఇనుము కరిగించే ఎబొషి దొరసానిని మియజాకీ ఉత్త విలన్‌గా ఎందుకు తీయలేదో ఇక్కడ తెలుస్తుంది. ఆమె గొడ్డలి వెనక కూడా కూడు పెట్టాల్సిన జనం ఉన్నారు.

తిన్నటి చెట్లన్నీ చెక్కలైపోయాయి. బొడిపెలతో, వంకర్లతో పనికిరావని వదిలేసినవి మిగిలాయి. 1966లో లోకానికి తెలిసిన ‘జోమోన్ సుగి’ అలాంటిదే. చుట్టుకొలత 16.4 మీటర్లు, వయసు 2,170 ఏళ్లని కొందరు, 7,200 అని కొందరు. నరికిన మొద్దులు కూడా అంత తేలిగ్గా చావలేదు. చెక్కలో బంక ఎక్కువ, అందుకని కుళ్లవు. వాటి నెత్తినే కొత్త మొక్క లేచి మానవుతుంది.

జోమోన్ సుగికి పోయేదారి పాత కలప రైలు పట్టాల మీదుగానే. పోనురాను సుమారు పది గంటల నడక. మధ్యలో కొసుగిదాని అనే కలపకూలీల ఊరు తగులుతుంది. 1970లో ఖాళీ అయిపోయింది. బడి ఉన్న చోట ఇప్పుడు చెట్లున్నాయి.

1993లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చాక గొడ్డలి బెడద పోయి చెప్పుల బెడద పట్టుకుంది. భక్తుల తొక్కిడికి వేళ్లు బయటపడ్డాయి. అందుకే ఇప్పుడు ఆ ముసలి చెట్టును తాకనివ్వరు. చెక్క వేదిక మీద నిలబడి దూరం నుంచే చూడాలి. వెళ్తే వానకోటు మరిచిపోకండి. దణ్ణం మాత్రం వేదిక మీద నుంచే పెట్టండి!