పాత కారు చెప్పిన సాక్ష్యం

పిల్లలూ! మీ ఇంట్లో తాతయ్య విన్న రేడియో గాని, నాయనమ్మ కుట్టిన కుట్టుమిషను గాని ఉన్నదా? ఉంటే దాన్ని ఎప్పుడైనా వెనక్కి తిప్పి చూశారా? పాత వస్తువులకు నోరు లేదు. కాని, అడగటం తెలిసినవాళ్ళకు అవి తమ కథంతా చెబుతాయి. ఈ సంగతి నాకొక పాత కారు నేర్పింది. అదీ, నేను ఒక తప్పు చేసిన తరవాత!

అంబాసిడర్ కారు గురించి మీ నాన్నగారిని అడిగితే ఎంతో చెబుతారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును నమూనాగా తీసుకుని, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివర దీన్ని తయారుచేయసాగారు. 2014లో ఆపివేశారు. అన్ని ఏళ్ళపాటూ మంత్రులు అందులో తిరిగారు, పెళ్ళికొడుకులు అందులో ఊరేగారు. మన ఊళ్ళలో టాక్సీ అంటే చాలాకాలం అదే.

విచిత్రమేమిటంటే, ఇన్నేళ్ళలోనూ దాని పై ఆకారం ఇంచుమించు ఒక్కటే. లోపలి సామాను మాత్రం మారుతూ వచ్చింది. 1962లో మార్క్ టూ వచ్చినప్పుడు ముందు జాలీతోపాటు డాష్‌బోర్డు కూడా మారింది. మొదటి నుంచి గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉండేది; ముందు సీటు బల్లలాగా ఒకటే ఉండేది. 1990లలో ఇసుజు ఇంజనుతో వచ్చిన బండ్లలో గేరు కిందికి దిగింది. అందుచేత అంబాసిడర్ వయసు తెలుసుకోవాలంటే, తలుపు తీసి లోపల చూడాలన్నమాట.

కొన్నేళ్ళ క్రితం నేనొక అంబాసిడర్ కొన్నాను. కాగితాలలో 1961 అని ఉన్నది. అమ్మినాయన, "లోపల స్క్రూలతో సహా అన్నీ కంపెనీవేనండీ!" అన్నాడు. నేను నమ్మేశాను. దాన్ని పాత కార్ల ప్రదర్శనలో పెట్టాలని ఉబలాటపడి, ఒక అట్టముక్క మీద "1961 అంబాసిడర్. అంతా అసలుదే" అని అందంగా రాసి ఉంచాను.

తలుపుల లోపలివైపు ఉండే అట్టలు చెమ్మకు ఉబ్బి, బూజు పట్టి ఉన్నాయి. వాటిని చూస్తే నాకు అసహ్యం వేసింది. ఊడబెరికి పాత సామాన్లవాడి బండిలో పడేశాను. ఎర్రగా నిగనిగలాడే కొత్త రెక్సిన్ అట్టలు బిగించాను. సీట్లూ ఎరుపే కనుక బాగా అమరాయి.

ప్రదర్శన రేపనగా, ఒకసారి చూసిపొమ్మని మా వీధి చివర పెద్ద మేస్త్రీని పిలిచాను. ఆయన యాభై ఏళ్ళుగా అంబాసిడర్లు విప్పి బిగించిన మనిషి. వస్తూనే, "పాత తలుపు అట్టలేవి బాబూ?" అని అడిగాడు.

"పారేశాను" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "సాక్షిని వెళ్ళగొట్టి విచారణ పెట్టారే!" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన వివరంగా చెప్పాడు. తలుపు అట్టకు రెక్సిన్ తొడిగేటప్పుడు అంచులు వెనక్కి మడిచి అంటిస్తారు. ఆ మడతకు ఎండ తగలదు, చెయ్యి తగలదు. ముందువైపు ఎంత వెలిసినా, మడతలో మొదటి రంగు అలాగే ఉంటుంది. అట్టకున్న కంతలు తలుపు రేకుకున్న కంతలతో సరిపోతే, అది ఆ తలుపుదే అయివుండవచ్చు. సరిపోకపోతే మరో బండిది. ఇదంతా చెప్పగల అట్టలను నేను బూజు పట్టాయని పారేశాను!

మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. టార్చిలైటు పట్టుకుని వచ్చి, "తాతా, ఇంకెవరైనా సాక్షులున్నారేమో వెతుకుదామా?" అన్నది. ఇద్దరూ కారులో దూరారు.

మొదటి సాక్షి వేగం చూపే మీటరు. దాని మీద కిలోమీటర్లు ఉన్నాయి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో చేశారు. 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా అమలులో పెట్టారు. "ఆ తొలినాళ్ళ బండ్లు నేను చాలా విప్పాను. వాటిలో మైళ్ళ మీటర్లే ఉండేవి" అన్నాడు మేస్త్రీ. పైగా మీటరులో నలభైవేలే తిరిగినట్టున్నది. కాని క్లచ్చి, బ్రేకు పెడల్ల రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తున్నది. ఎన్ని వేలసార్లు కాలు పడితే రబ్బరు అలా అరుగుతుంది? మీటరు ఒక మాట, పెడలు మరొక మాట చెబితే, పెడలునే నమ్మాలి. ఆ మీటరు తరవాత వచ్చి చేరినది.

రెండవ సాక్షి సీటు. సీటును నేలకు బిగించే పట్టీ తీసి చూస్తే, దాని కింద వేలెడు రెక్సిన్ ముక్క నలిగి ఉన్నది. అది ఎరుపు కాదు, లేత ఆకుపచ్చ! మా అమ్మాయి అగ్గిపుల్ల వెలిగించి దాన్ని పరీక్షిద్దామన్నది. మేస్త్రీ గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. ఆయన భయపడటానికి కారణం ఉన్నది. రెక్సిన్ మొదట్లో గుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేట్, కర్పూర తైలం కలిపిన పూత పూసి చేసేవారు. సెల్యులోజ్ నైట్రేట్ తుపాకీ మందులో వాడే పదార్థం! తరవాత ప్లాస్టిక్ పూత వచ్చింది. ఏది ఏదో తెలియనప్పుడు పాత ముక్కల దగ్గరకు నిప్పు తీసుకుపోరాదు. మీరు కూడా ఈ సంగతి మరవకండి.

మూడవ సాక్షి గేరు కడ్డీ చివర ఉండే నల్లటి బొడిపె. అది బేకలైటుదని నేననుకున్నాను. బేకలైటును 1907లో లియో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఒకసారి వేడిమీద గట్టిపడితే అది మళ్ళీ కరగదు. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డు కాదు కదా, అలాగే. బొటనవేలితో వేడెక్కేదాకా రుద్దితే ఆసుపత్రిలో ఫినాయిలు లాంటి వాసన వేస్తుంది. మా అమ్మాయి రుద్ది రుద్ది వాసన చూసింది. ఫినాయిలు వాసన లేదు, నల్లరంగు పెచ్చు మాత్రం ఊడింది! లోపల ఎర్రటి లక్క మెరిసింది.

మేస్త్రీ దాన్ని విప్పి అరచేతిలో తూచి చూశాడు. "అంకుడు కర్ర. ఇది ఏటికొప్పాక బొమ్మల పనివాళ్ళ చేతి పని" అన్నాడు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరివాళ్ళు అంకుడు కర్రను తరిణె మీద పెట్టి తిప్పుతూ, ఆ రాపిడి వేడికి కరిగే లక్కతో రంగు ఎక్కిస్తారు. ఎప్పుడో బొడిపె పగిలిపోతే, ఎవరో డ్రైవరు దీన్ని చేయించుకుని ఉంటాడు. "అది మోసం కాదు బాబూ. బండి ఆగితే ఆ పూట కూడు లేదు. దీనికి నల్లరంగు పూసి అసలుదని చెప్పటమే మోసం" అన్నాడు మేస్త్రీ.

మా అమ్మాయి నేను రాసిన అట్టముక్క కేసి చూసి, "నాన్నా, ఇప్పుడు దీన్నేం చేద్దాం?" అని అడిగింది.

నాకు సిగ్గువేసింది. తెలియకముందు రాసింది పొరపాటు. తెలిసిన తరవాత ప్రదర్శనకు పట్టుకుపోతే అది అబద్ధం. చించేసి, కొత్త అట్ట మీద ఇలా రాశాను: "మీటరు: మరో బండిది. సీట్ల గుడ్డ: కొత్తది, అసలు రంగు లేత ఆకుపచ్చ. గేరు బొడిపె: ఏటికొప్పాక పని." చివరి వరుస రాయటానికి చెయ్యి ఆడలేదు. అయినా రాశాను: "తలుపు అట్టలు: అసలువి యజమాని తెలియక పారేశాడు."

బహుమతి మాకు రాలేదు. కాని చాలామంది ఆ అట్ట దగ్గర ఆగి చదివారు. కొందరు లోపలికి వంగి, ఎర్ర బొడిపెను వెతికి చూసి నవ్వుతూ వెళ్ళారు. అది ఇప్పటికీ బండికే ఉన్నది. నల్లరంగు మాత్రం గీకేశాం.

పిల్లలూ! పాత వస్తువులో ఒక భాగం మారిందంటే సిగ్గుపడవలసింది లేదు. మారిన సంగతి దాచటమే తప్పు. మరొకటి, తుడవటానికి ముందు చూడండి, పారేయటానికి ముందు అడగండి. మీ తాతయ్య రేడియో వెనక ఏ సాక్షి ఉన్నాడో ఎవరికి తెలుసు? కరెంటు తీగ ఊడదీసి, పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని, ఈ ఆదివారమే తిప్పి చూడండి!