ముత్తుకూరు దారిలో లైట్ల షెడ్డు

నెల్లూరు నుంచి కృష్ణపట్నం రేవుకు పోయే రోడ్డులో, ముత్తుకూరు దాటాక ఒక రేకుల షెడ్డు. బోర్డు లేదు. గుంజకు వేలాడే పాత హెడ్‌లైటు డూములే బోర్డు. 2008లో రేవు మొదలయ్యాక ఈ దారిలో లారీల రద్దీకి రాత్రీ పగలూ తేడా లేదు. వాటి మధ్యే రొయ్యల బండ్లు, ఐసు బండ్లు, ఇంటికి మళ్లే గేదెలు. చలికాలం తెల్లవారుజామున మంచు దిగితే ముందు పోయే బండి వెనక లైటు కూడా కానరాదు. అదనపు లైట్లు ఎందుకని ఇక్కడ ఎవర్నీ అడగక్కర్లేదు.

నేను వెళ్లేసరికి పన్నెండు చక్రాల లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు రెండు డబ్బాలు దించాడు. ఒకదాంట్లో పసుపు ఫాగ్ లైట్ల జత, ఇంకోదాంట్లో క్యాబిన్ నెత్తిన పెట్టే పొడవాటి ఎల్‌ఈడీ బారు.

“రెండూ బిగించన్నా, రాత్రికి లోడుండాది.”

షెడ్డు మేస్త్రీ డబ్బాల వైపు చూడనైనా చూడలేదు. గుడ్డ తడిపి హెడ్‌లైటు అద్దం తుడిచాడు. గుడ్డ నల్లబడింది. బొగ్గుపొడి, దాని మీద ఉప్పుగాలి చెమ్మ, జిడ్డులా పట్టి ఉంది. తర్వాత మీటరు తీశాడు. ఇంజను నడుస్తుంటే బ్యాటరీల దగ్గర 27 వోల్టుల పైచిలుకు, బల్బు హోల్డరు దగ్గర 24 కూడా లేదు. మిగతాది అరిగిన స్విచ్చూ తుప్పుపట్టిన ఎర్తూ తినేస్తున్నాయి.

“బల్బు బాగానే ఉండాదిరా. దానికి తిండే అందడంలా.”

హాలోజన్ బల్బుకు వోల్టేజి నూటికి పది తగ్గితే వెలుగు నూటికి ముప్పై దాకా పడిపోతుంది. కొత్త లైట్లకని వచ్చే చాలా బండ్లకు ముందు కావలసింది ఈ తుడుపూ ఈ రిపేరేనేమో అనిపించింది.

ఫాగ్ లైట్ల పని మొదలైంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ కాలికి, 87వ కాలి నుంచి లైటుకు లావు వైరు. డ్యాష్‌బోర్డు స్విచ్చు నుంచి సన్న వైరు 85, 86 కాళ్లకు. స్విచ్చు సైగ చేస్తుంది, బరువు రిలే మోస్తుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం దాటకూడదని ఆయన పట్టుదల. దూరంగా పెడితే, ఆలోపు వైరు ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలినప్పుడు మంట ఆపేదేమీ ఉండదు.

లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 24 చేస్తారు. కారు లైట్లు చవగ్గా దొరికాయని కొందరు ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగేస్తారు. ఒకటి ఎప్పుడూ ఆకలితో, రెండోది ఎప్పుడూ అజీర్తితో ఉంటాయి. చివరికి రెండూ పోతాయి. అలా చచ్చిన జతలు షెడ్డు మూలన పేర్చి ఉన్నాయి.

సముద్రం పక్కన తుప్పు బాధ వేరే. లైటు ఒళ్లు అల్యూమినియం, బంపరు ఇనుము. రెండూ కలిసేచోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం తెల్లపొడిగా రాలిపోతుంది. అందుకే మధ్యలో రబ్బరు వాషరు వేశాడు. ఎర్తు పెట్టేచోట రంగు గీకి, బోల్టు బిగించి, పైన వేలితో వాసెలిన్ పూశాడు.

ఒక్కచోట మాత్రం ఆయన మాట ఒప్పుకోలేను. పసుపు వెలుతురు మంచును చీల్చుకుపోతుందట! మంచు బిందువుల ముందు రంగుల తేడా పెద్దగా పనిచేయదు. ఫాగ్ లైటు పనిచేసేది కిందుగా ఉండి, వెడల్పుగా పరుచుకుని, పైకి లేవకుండా తెగిపోతుంది కాబట్టి. పసుపు కంటికి కాస్త హాయి, అంతే.

చివరిది గురి. లారీని గోడకు ఎదురుగా 8 మీటర్ల దూరంలో నిలిపి సుద్దతో గీత గీశాడు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చెప్పేదీ ఆ దూరమే. అంత దూరంలో, కుడివైపు అర మీటరు పక్కన, నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి బండి ముందు దీపం మిరుమిట్లు గొలపకూడదు. ఇక 111వ నిబంధన ప్రకారం, ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి అనుమతిస్తే తప్ప బండి ముందు స్పాట్ లైటు పెట్టకూడదు.

డ్రైవరు, క్యాబిన్ నెత్తిన పెట్టే బారు సంగతి మళ్లీ ఎత్తాడు. “ఎదురొచ్చేవోడికి కళ్లు కనపడకపోతే వాడొచ్చి పడేది నీ మీదే గదా,” అన్నాడు మేస్త్రీ, సుద్దగీత కిందికి వెలుతురు దించుతూ.

పొద్దుగూకాక లారీ రేవు వైపు కదిలింది. కింద పసుపు జత వెలుగుతోంది. బారు డబ్బా విప్పకుండానే సీటు వెనక్కి చేరింది.