బీట్ పొలాల దారిలో

నెబ్రాస్కా పడమటి కొసన, నార్త్ ప్లాట్ నది వారన స్కాట్స్‌బ్లఫ్ అనే చిన్న పట్నం ఉంది. పంతొమ్మిదేళ్ల వయసులో ఆ చుట్టుపక్కల పల్లెల్లో నేను మార్మన్ మిషనరీగా పనిచేశాను. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపట్టీ, క్షణం కూడా విడవకుండా పక్కన ఒక కంపానియన్, అంటే తోటి మిషనరీ. అతను ఐడహోలో బంగాళాదుంపలు పండించే రైతు కొడుకు. నేను రాజమండ్రిలో పుట్టి, పదిహేనో ఏట అమ్మానాన్నలతో యూటా చేరినవాణ్ణి.

తెలుగువాళ్లలో మార్మన్లున్నారా అని ఆశ్చర్యపోయేవాళ్లు ఎక్కువ. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అనే తెలుగు దంపతులు సమోవాలో మా మార్మన్ సంఘంలో చేరారు. 1978లో మిషనరీలుగా హైదరాబాద్ వచ్చి ముందుగా తమ బంధువులకే ఈ సువార్త చెప్పారు. భారతదేశంలో తొలి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012లో ఏర్పడిందీ హైదరాబాద్‌లోనే. సంఘం నియమం ప్రకారం మా ఇంట్లో కాఫీ, టీలు ఉండవు. వచ్చినవాళ్లకు అమ్మ మజ్జిగ ఇస్తుంది.

మిషన్ అనే ఈ ప్రచార సేవకి జీతం ఉండదు. ఖర్చు మనమో, ఇంటివాళ్లో పెట్టుకోవాలి. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. ఎక్కడికి పంపుతారో మన చేతిలో ఉండదు. అప్పట్లో ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. మిగతా వారాల్లో సోమవారం ఊరి లైబ్రరీలో కూర్చుని ఈమెయిల్ రాసేవాణ్ణి. 2019లో వారానికోసారి మాట్లాడుకోవచ్చని మార్చారు, మంచి పని చేశారు. ఇంటివాళ్ల గొంతు వింటే పిల్లల మనసు పని మీద నిలవదని అంతకుముందు పెద్దల భయం కాబోలు. నేను చూసినంతలో, దిగులు దాచుకున్నవాళ్లే ఎక్కువ నలిగిపోయారు.

పట్నంలో అయితే ఒక వీధి తలుపులు తట్టి ఇంకో వీధికి వెళ్లొచ్చు. ఆ పల్లెల్లో ఇంటికీ ఇంటికీ మధ్య మైళ్ల దూరం, కారుకేమో నెలకి ఇన్ని మైళ్లని కొలత. తీరా వెళ్తే ఇంట్లో మనిషి ఉండడు, చేలో ఉంటాడు. సెప్టెంబర్‌లో చిక్కుడు గింజల కోత, తడిస్తే గింజ పాడవుతుంది. అక్టోబర్‌లో చక్కెర బీట్ తవ్వకం, నేల గడ్డకట్టేలోపు దుంపంతా పైకి రావాలి. లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. చలికాలం చివర ఆవులు ఈనే రోజుల్లో రైతుకు కంటిమీద కునుకుండదు. అలాంటి మనిషిని నిలబెట్టి దేవుడి గురించి మాట్లాడబోవడం అన్యాయం. నా కంపానియన్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కారు డిక్కీలో పని బట్టలు, బూట్లు ఎప్పుడూ ఉంచేవాడు. గేటు దగ్గర దిగగానే "ఏ పని మిగిలింది?" అని అడిగేవాడు.

అలా పరిచయమైనవాడే ఒక పెద్దాయన. వోల్గా నది ఒడ్డు నుంచి వలస వచ్చిన జర్మన్ల మనవడు. వాళ్లు బీట్ పొలాల్లో కూలికి వచ్చి, మెల్లగా భూమి కొనుక్కున్నవాళ్లు. భార్య పోయాక ఒంటరిగా ఉండేవాడు. బోదెలోంచి సాళ్లలోకి నీళ్లు మళ్లించడం నాకు ఆయనే నేర్పాడు. వంపు తిరిగిన అల్యూమినియం గొట్టాన్ని బోదెలో ముంచి, నిండాక ఒక కొస అరచేత్తో మూసి, గట్టు మీదుగా సాలులో పడేసి చెయ్యి తీయాలి. లోపలికి గాలి చేరితే నీళ్లు ఆగిపోతాయి. అలాంటివి వరసగా ఎన్నో వేయాలి. ఆ కాలవలకు నీళ్లు వ్యోమింగ్‌లో 1909లో పూర్తయిన పాత్‌ఫైండర్ డ్యామ్ నుంచి వస్తాయని చెప్పాడు. నేను ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెప్పాను. కాలవలు ఎప్పుడు కట్టేస్తారు, చివరి చేలకు నీళ్లు అందుతాయా అని ఆయన అడుగుతుంటే మా తాతయ్య అరుగు మీద మాటలే వింటున్నట్టుండేది.

పని అయ్యాక భోజనాల బల్ల దగ్గర అసలు ప్రశ్న వేశాడు. "నిజంగా నమ్మే వచ్చావా, ఇంట్లోవాళ్లు పంపితే వచ్చావా?" ఇంట్లోవాళ్లు ఆశపడ్డారు కాబట్టి బయల్దేరాను, నమ్మాను కాబట్టి ఇక్కడ ఉన్నాను అన్నాను. ఆయన తల ఊపి, ప్రార్థన నన్నే చేయమన్నాడు. ఆయన లూథరన్, చివరిదాకా లూథరనే.

స్కాట్స్‌బ్లఫ్ పక్కనే రెబెకా వింటర్స్ అనే ఆవిడ సమాధి ఉంది. మా సంఘంవాళ్లతో సాల్ట్ లేక్ వైపు బండ్ల మీద వెళ్తూ 1852లో కలరాతో చనిపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాదే అది. తోటి ప్రయాణికుడొకరు బండి చక్రం ఇనుప పట్టా మీద ఆమె పేరు చెక్కి సమాధి దగ్గర పాతాడు. 1899లో రైలుమార్గం వేసేవాళ్లు ఆ పేరు చూసి పట్టాలు కాస్త పక్కకు జరిపారు. ఆ పల్లెవాళ్లలో చాలామందికి మా సంఘంతో సంబంధం లేదు. అయినా ఆ సమాధి కథ వాళ్ల నోటనే నేను ఎక్కువసార్లు విన్నాను.

"ఎంతమందిని మార్చావు?" అని హైదరాబాద్‌లో బంధువులు అడుగుతారు. మన దగ్గర ఆ ప్రశ్న వెనక వేడి ఉంటుందని తెలుసు, అందుకే సూటిగా చెబుతాను. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు బహు కొద్దిమంది. నేను నమ్మినదాన్ని చెప్పి రమ్మని పిలిచాను. అలా పిలవడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ మా సాయానికీ వాళ్ల జవాబుకీ ముడి పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ పల్లె మమ్మల్ని రెండోసారి గేటు దాటనిచ్చేది కాదు, దాటనివ్వకూడదు కూడా.

ఇప్పుడు మా అక్క కొడుకు మిషన్‌కి సిద్ధమవుతున్నాడు. 2012 నుంచి అబ్బాయిలు పద్దెనిమిదేళ్లకే వెళ్లొచ్చు. పట్నంలో పెరిగిన పిల్లాడికి అది లేత వయసేనని నా బెంగ. "ఏం కొనుక్కోమంటావు మామయ్యా?" అని అడిగితే తోలు గ్లౌజులు అన్నాను. ఈ వేసవిలో వాణ్ణి ఆ పెద్దాయన కొడుకు పొలానికి తీసుకెళ్తున్నాను. చాలా చోట్ల ఇప్పుడు పెద్ద యంత్రాలే నీళ్లు చిమ్ముతున్నాయి, ఆ చేలో మాత్రం ఇంకా గొట్టాలే వేస్తున్నారట. వారం రోజులు ఉండి పని చేస్తామని చెప్పాను.