గాజుముక్కల ఊరు

చండీగఢ్‌లో మూడు రోజుల సదస్సుకు రమ్మని నాకు పిలుపు వచ్చేనాటికి మా ఇల్లు సగం మూటల్లో ఉంది. నెల తిరక్కుండా అద్దె ఇల్లు ఖాళీ చేసి మూడో అంతస్తులోని ఫ్లాటులోకి మారాలి. ఏ సామాను రావాలి, ఏది రాకూడదు అని ఇంట్లో రోజుకొక మహాసభ జరుగుతోంది. అందరి సామానూ తేలింది. మా అమ్మ రోలు ఒక్కటే తేలలేదు.

ఆ రోలు సంగతి కొంచెం చెప్పాలి. మా ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. ‘ఉండేది’ అని ఎందుకంటున్నానంటే, 1981లో శ్రీశైలం జలాశయం కోసం దాన్ని ఖాళీ చేయించారు. నేనప్పటికి చంకబిడ్డను. మా నాయన తలుపులు, దూలాలు, ధాన్యం బండికెత్తుకుంటే అమ్మ పట్టుబట్టి రోలు ఎక్కించిందట. అప్పటినుంచి అది మాతోబాటు నాలుగిళ్ళు మారింది. ఇప్పుడు దాంట్లో ఎవరూ ఏమీ రుబ్బరు. “ఫ్లాటులో రోలెందుకమ్మా, ఇక్కడే వదిలేద్దాం” అన్నాను. “నీ ఇష్టం నాయనా” అంది. మా అమ్మ ‘నీ ఇష్టం’ అన్నదంటే తనకేమాత్రం ఇష్టం లేదని అర్థం.

నాలుగు రోజులు ఊరు మారితే ఈ వాదన చల్లారుతుందన్న ఆశతో అమ్మను, శ్రీమతిని, హైదరాబాదులో చిత్రకళ చదువుతున్న అమ్మాయిని వెంటబెట్టుకుని బయలుదేరాను. ఢిల్లీలో రైలు మారి చండీగఢ్ చేరాము.

ఆ నగరం చూస్తే చతురస్రాల కాపీపుస్తకం జ్ఞాపకం వస్తుంది. 1947లో దేశం చీలి లాహోరు అటు పోయిన తర్వాత, ఇటు మిగిలిన పంజాబుకు రాజధాని కావలసి వచ్చింది. 1951లో ల కార్బూజియే అనే మహాశిల్పి వచ్చి ఈ నగరానికి నక్షా గీశాడు. సెక్టార్లకు పేర్లు లేవు, అంకెలే. చెట్లు కూడా వరస తప్పవు. “పేరు లేని ఊళ్ళో ఇల్లెట్ల కనుక్కుంటారురా?” అని అమ్మ ఆటోలో కూర్చుని అడిగింది. లెక్కలు వచ్చినవాళ్ళు కనుక్కుంటారని చెప్పాను.

ఇంత చక్కని నగరం ఖాళీ నేలమీద మొలవలేదు. అక్కడ పల్లెలుండేవి. వాటిని తొలగించి నేల చదును చేశారు. కూలిన ఇళ్ళ శిథిలాలు గుట్టలుగా మిగిలాయి. ఆ గుట్టలను కన్నువేసి చూచినవాడు ఒక్కడున్నాడు. అతనే ప్రభుత్వంలో రోడ్ల ఇనస్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్.

అతనిది ఇప్పటి పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ ప్రాంతంలో ఒక పల్లె. 1924లో పుట్టాడు. దేశవిభజనలో కట్టుబట్టలతో ఇవతలికి వచ్చాడు. పగలు కొత్త నగరానికి రోడ్లు వేయించేవాడు. పని ముగిశాక సైకిలెక్కి ఏటి ఒడ్డులనుంచి వింత రాళ్ళు, కూలిన ఇళ్ళనుంచి పెంకులు, గాజుముక్కలు ఏరుకొచ్చేవాడు. ఊరి చివర ఏమీ కట్టగూడదని ప్రభుత్వం అట్టేపెట్టిన అడవిలో వాటిని దాచి, 1957 ప్రాంతంలో మొదలుపెట్టి, రాత్రుళ్ళు బొమ్మలు చేశాడు. పదిహేనేళ్ళకు పైగా ఈ సంగతి బయటికి పొక్కలేదు. 1970 తర్వాత అధికారుల కంటబడింది. చట్టప్రకారం పడగొట్టవలసిందే. చూడవచ్చిన జనం ముచ్చటపడ్డారు, మనసున్న అధికారులు కొందరు అడ్డుపడ్డారు. 1976లో దాన్నే తోటగా తెరిచి, జీతమిచ్చి, యాభైమంది కూలీలనిచ్చి, కట్టుకొమ్మన్నారు. అదే రాక్ గార్డెన్.

ఒక తమాషా చెబుతాను. నగరంలో వ్యక్తుల విగ్రహాలు నిలపరాదని ల కార్బూజియే తన శాసనంలో రాశాడు. ఆయన కట్టిన హైకోర్టుకు కూతవేటు దూరంలో, అదే కాలంలో, ఒక చిన్న ఉద్యోగి చెట్లచాటున గుట్టుచప్పుడు కాకుండా వందలకొద్దీ బొమ్మలు నిలబెట్టాడు!

లోపలికి పోవాలంటే తల వంచక తప్పదు. ద్వారాలంత పొట్టివి. దారులు సన్నంగా, మెలికలుగా ఉంటాయి. మలుపు తిరిగితే తప్ప అవతల ఏమున్నదో తెలియదు. ఒకచోట తారుడబ్బాల గోడ, ఒకచోట కరెంటు స్తంభాల పింగాణీ గుబ్బల గోడ. ఇంకొకచోట జలపాతం. తిన్నెలమీద బారులుగా మనుషులు, నెమళ్ళు, కోతులు. పాత సైకిలు చట్రాలు ఎముకలు, సిమెంటు కండ, పగిలిన కప్పులూ సాసర్లూ చర్మం. ఆడబొమ్మలకు రంగురంగుల గాజుముక్కలే చీరలు.

“నాన్నా, దీన్నే మిశ్రమమాధ్యమం అంటారు. విమర్శకులు ఆధునికోత్తరం కింద లెక్కిస్తారు” అంది మా అమ్మాయి. ఆధునికోత్తరవాదంమీద నేను క్లాసులో గంటలు గంటలు చెప్పాను. పిల్లలు నిద్రపోయారు. ఆ రోజు మాత్రం నాకే అర్థమయింది. ఆధునికుడు పాతది తుడిచి, ఒకే నక్షాలో, ఒకే అర్థంతో కొత్తది కడతాడు. తర్వాతివాడు ఆ ఒక్క కథను నమ్మడు. తుడిచేసిన ముక్కలనే తెచ్చి పక్కపక్కన పేరుస్తాడు. సాసరుముక్క బొమ్మకు భుజమైనా, సాసరుగా తన పాత బతుకును మరిచిపోదు. చూచేవాడు తన కథను కూడా అందులో కలుపుకోవచ్చు. నేక్‌చంద్ ఈ వాదాలేవీ చదివి ఈ పని చేయలేదు. చిన్నప్పుడు తల్లి చెప్పిన రాజుల కథలను, వదిలి వచ్చిన పల్లెను తలుచుకుంటూ చేశాడు.

ఇదంతా అమ్మకు వివరించబోయాను. “బొంత అని చెప్పరాదూ” అంది. నిజమే. చిరిగిన చీరలు ఎవరెవరివో గుర్తుపడుతూ కప్పుకునేదే బొంత. నా గంటల ఉపన్యాసం ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది.

గాజుల బొమ్మల ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. “ఎన్ని గాజులు పెరిగినాయో!” అంది. గాజులు ‘పగిలాయి’ అనడం మా ఇళ్ళలో అశుభం. కాసేపటికి, “ఈ గాజులు ఎవరివిరా? ఆ ఊళ్ళ పేర్లేంది? యాడన్నా రాసినారా?” అని అడిగింది.

నేను అటూ ఇటూ చూచాను. నాకెక్కడా కనబడలేదు. “బొమ్మలు చేసినాయన పేరు అందరికీ తెలుసు జేజీ” అంది మా అమ్మాయి. “ఆయనది తెలుసులే. గాజులవాళ్ళది అడుగుతాండా” అంది అమ్మ.

మా శ్రీమతి అమ్మను చెయ్యిపట్టి తిన్నెమీద కూర్చోబెట్టింది. అక్కడ కూర్చుని అమ్మ మా ఊరు చెప్పడం మొదలుపెట్టింది. రచ్చబండ, దానెదురు చింతచెట్టు, కుమ్మరి వీధి, రేవుకు దిగే దారి, ఏ ఇంట్లో ఎవరు, ఎవరి వాకిట్లో ఏ చెట్టు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే పునాదులు బయటపడతాయని మా నాయన పోయి చూచివచ్చేవాడు. అమ్మ ఒక్కసారీ పోలేదు. నలభై ఏళ్ళపైగా నాకు చెప్పని ఊరు, పంజాబు రాళ్ళమధ్య చెప్పింది. అడిగితే ఎప్పుడో చెప్పేదేమో. నేను అడగలేదు. మా అమ్మాయి బొమ్మల పుస్తకం తీసి గీసుకుంటూ పోయింది.

ఈ తోటకూ గండాలు తప్పలేదు. 1990 ప్రాంతంలో రోడ్డుకోసం బుల్‌డోజర్లు వస్తే జనం చేతులు కలిపి గొలుసుగా నిలబడి ఆపారు. 2015లో నేక్‌చంద్ పోయాడు. 2025లో హైకోర్టువైపు దారి వెడల్పు పేర గోడలో కొంతభాగం పడగొట్టారు. పల్లెలను కూల్చిన ముక్కలతో కట్టిన గోడకూ అదే గతి పట్టింది!

తిరిగి వచ్చాక రోలు ప్రసక్తి ఎవరూ ఎత్తలేదు. సామాను ఎత్తే మనుషులతో నేనే, “ముందది ఎక్కించండి” అన్నాను. అది లిఫ్టులో పట్టింది కాని, మోసినవాళ్ళు నన్ను తిట్టుకున్న మాట వాస్తవం. ఇప్పుడది బాల్కనీలో ఉంది. అమ్మ దాంట్లో నీళ్ళు పోస్తే పిచ్చుకలు వస్తున్నాయి.

మా అమ్మాయి పాత అట్టమీద గాజుముక్కలు, చింతగింజలు, అమ్మ చీరపేలికలు అంటించి ఊరి పటం చేసి గోడకు తగిలించింది. వచ్చినవాళ్ళంతా బాగుందన్నారు. అమ్మ మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి పోయి చూచి, “చింతచెట్టు ఇటుపక్క కాదే పిల్లా, అటుపక్క!” అంది.

పటం మళ్ళీ కిందికి దిగింది.