సోషల్ పుస్తకంలో సిక్సర్లు

మా మనవడు ఫోన్లో క్రికెట్ ఆడుతుంటే నా ఆట గుర్తొచ్చింది. మీలో యాభై దాటినోళ్ళకి చెప్పక్కర్లేదు, బుక్ క్రికెట్. పుస్తకం టపీమని తెరవాలి. ఎడం పక్క పేజీ నంబర్లో చివరి అంకె ఎంతో అన్ని పరుగులు. సున్నా వస్తే ఔటు. ఎనిమిది వస్తే మాత్రం గొడవ. మా ఊళ్ళో దాన్ని ఒక్క పరుగు కింద లెక్కేసేవాళ్ళం, మీ ఊళ్ళో ఎట్లానో?

1983లో జింబాబ్వే మీద మనోళ్ళు 17 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంటే కపిల్ దేవ్ 175 కొట్టాడు. ఆ మ్యాచ్ టీవీలో రాలేదు. పేపర్లో చదివి నాకూ పట్టుదల పుట్టింది. రోజూ రాత్రి లాంతరు ముందు కూర్చుని, 17కి 5 దగ్గర్నుంచి మొదలుపెట్టేవాణ్ణి. తెరిచీ తెరిచీ మా సోషల్ పుస్తకం 96వ పేజీ దగ్గరే విడిపోయేది. ఇంకేముంది, అన్నీ సిక్సర్లే!

మా నాయనకి చదువు రాదు. కొడుకు చదువుతున్నాడనుకునేవాడు. ఇంట్లో లాంతరే గానీ బావి మోటారుకి కరెంటుండేది, అదీ రాత్రిపూట. "వాణ్ణి కదిలించొద్దు, చదువుకుంటన్నాడు" అని అమ్మకి చెప్పి, టార్చిలైటు పట్టుకుని ఒక్కడే మడి కాడికి పోయేవాడు. నేనూ వస్తా నాయనా అని ఒక్కనాడూ అనలా. 140 మీద ఉన్నా మరి.

చదివీ చదివీ మావోడి పుస్తకం చినిగిపోయిందని టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాడంట.

ఇప్పుడు రాత్రి మోటారెయ్యడానికి నేనే పోతున్నా. మనవడు ఫోన్లోంచి తలెత్తడు. వాణ్ణేమీ అనలేకపోతున్నా.