జోమ్‌సోమ్ విమానం

పోఖరా, గురువారం రాత్రి

అమ్మా,

క్షేమంగా చేరాం. నువ్వు కట్టిచ్చిన పులిహోర నాగపూర్ దాటేదాకా వచ్చింది. గోరఖ్‌పూర్‌లో దిగి, సోనౌలీ దగ్గర సరిహద్దు దాటి, పోఖరాకి బస్సెక్కాం.

ఇక్కణ్ణుంచి ముక్తినాథ్‌కి జీపులో వెళ్తే పగలంతా గతుకులే. విమానంలో అయితే దాని దగ్గర్లోని జోమ్‌సోమ్‌కి ఇరవై నిమిషాలు. అత్తయ్య మోకాళ్లు తలచుకుని విమానానికే టికెట్లు తీసుకున్నాం. తార ఎయిర్ అని చిన్న సంస్థ. కొండల్లో ఉండే పొట్టి రన్‌వేలకు నడపడానికే యతి ఎయిర్‌లైన్స్ వాళ్లు 2009లో దీన్ని విడిగా పెట్టారు.

నీ దగ్గర దాచను. 2022 మే 29న ఇదే దారిలో వీళ్ల విమానం కొండకు తగిలి 22 మందీ పోయారు. వాళ్లలో నలుగురు మన దేశంవాళ్లు. మేం అది తెలిసే ఎక్కుతున్నాం. నువ్వు మాత్రం రాత్రంతా మేలుకుని కూర్చోకు.

పోఖరా, శుక్రవారం

అమ్మా,

ఈ రోజు వెళ్లలేదు. లోయలో మబ్బు పట్టి జోమ్‌సోమ్‌కి ఒక్క విమానమూ లేవలేదు. ఈ దారిలో పైలట్ కొండల్ని కళ్లతో చూసుకుంటూ నడపాలట. తర్వాత మబ్బు విడిపోయినా లాభం లేదు. ఎండెక్కే కొద్దీ పల్లపు గాలి కాళీగండకి లోయ గుండా టిబెట్ వైపు ఎగదన్నుతుంది. పదకొండు కొట్టేసరికి అక్కడ విమానం దింపలేనంత ఈదురు. అందుకే ఉన్నవన్నీ పొద్దుటి విమానాలే. ఆపెయ్యడమే మంచి పని అనిపించింది నాకు.

ఎదురుచూసేవాళ్లలో యాత్రికులం సగమే. పక్క బెంచీలో ఒక ముసలావిడ ఆసుపత్రి కాయితాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పోఖరాలో వైద్యం చేయించుకుని మస్తాంగ్‌లోని తన ఊరికి తిరిగి వెళ్తోందని కొడుకు హిందీలో చెప్పాడు. జీపు కుదుపులు ఆవిడ తట్టుకోలేదు. మన ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు పడ్డవాళ్లు డయాలసిస్‌కి తిరిగే తిరుగుడు కళ్ల ముందు మెదిలింది. జబ్బు మనిషికి దారి ఎంత ముఖ్యమో మనకి వేరే చెప్పాలా! ఈ పంతొమ్మిది సీట్ల బండి మాలాంటివాళ్ల మొక్కుల కోసమే తిరుగుతోందనుకుని వచ్చాను. ముందు ఇక్కడివాళ్లకి కావాలి ఇది. మర్నాటి జాబితాలో ఆవిడ పేరు మాకంటే పైన ఉందని చూశాక మనసు కుదుటపడింది.

ముక్తినాథ్, శనివారం

అమ్మా,

వచ్చేశాం! ట్విన్ ఆటర్ అని కెనడావాళ్ల విమానం. ఆ రకం మొదట ఎగిరింది 1965లో. పొట్టి రన్‌వే మీద దిగగలదు, మట్టి నేలయినా సరే. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిటికీలోంచి కిందంతా కనిపిస్తుంది. ఎక్కగానే ఒక పళ్లెంలో చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇచ్చారు. పైలట్ల వీపులు మా ఎదురుగానే ఉన్నాయి. కుడివైపు అన్నపూర్ణ, ఎడమవైపు ధవళగిరి, రెండూ 8,000 మీటర్లు దాటినవే. విమానం వాటి పైనుంచి కాదు, నడుమ నుంచి పోతుంది. మంచు గోడ కిటికీకి సమానంగా నిలబడితే అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది కానీ కళ్లు మాత్రం మూసుకోలేదు. దిగాక ముసలావిడని కొడుకు వీపున మోసుకుపోయాడు.

జోమ్‌సోమ్ నుంచి జీపులో పైకొచ్చాం. 108 ధారల కిందా అత్తయ్య నడిచేసింది. నీళ్లు ఎముకలు కొరికేస్తున్నాయి. నీ పేరు చెప్పి నేనూ తడిశాను. జ్వాలామాయి గుడిలో రాతి సందులోంచి వచ్చే గ్యాసు నీలం మంటగా వెలుగుతుంటే చూశాం.

వచ్చే ఏడు పిన్నివాళ్లు బయల్దేరతామంటే ఈ సంగతులు చెప్పు. గోరఖ్‌పూర్ తిరుగు రైలుకి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోవాలి. పొద్దుటే మొదటి విమానానికి టికెట్లు తీసుకోవాలి. సామాను తూచి ఎక్కిస్తారు, చీరలు తగ్గించుకోవాలి. స్వెట్టర్లు మాత్రం తగ్గించుకోవద్దు.