ముగ్గురూ గెలిచారు, మిగిలింది ఇద్దరే

ఆఖరి మ్యాచ్ గెలిచి కూడా ఇంటిదారి పట్టడం కంటే చేదు అనుభవం ఆటగాడికి ఉండదు. 2019 నవంబరులో సూరత్‌లో ముంబై జట్టుకు ఎదురైంది అదే. సయ్యద్ ముస్తాక్ అలీ ట్వంటీ20 టోర్నీ సూపర్ లీగ్ దశలో ఐదు జట్ల గ్రూపు. కర్ణాటక తమిళనాడును ఓడించింది. తమిళనాడు ముంబైని, ముంబై కర్ణాటకను మట్టికరిపించాయి. పంజాబ్, జార్ఖండ్‌లపై మూడూ నెగ్గాయి. తలా 12 పాయింట్లు. సెమీఫైనల్ బెర్తులు మాత్రం రెండే.

ముఖాముఖి ఫలితం చూద్దామంటే అది గానుగెద్దులా తిరిగి మొదటికే వస్తుంది. చివరకు తీర్పు చెప్పింది నెట్ రన్‌రేట్. ఓవర్‌కు సగటున చేసిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులను తీసేస్తే వచ్చే అంకె ఇది. జట్టు ఆలౌటైతే ఆడని ఓవర్లనూ లెక్కలో కలుపుతారు. ఆఖరి మ్యాచ్‌లో ముంబై 243 పరుగులు చేసింది. పంజాబ్ 221 దాకా వచ్చింది. 22 పరుగుల గెలుపంటే ఓవర్‌కు 1.10 పరుగుల తేడా. అది చాలలేదు.

ఈ పద్ధతి మీద విమర్శ పాతదే. బలహీనులను చితకబాదిన వారికి ఇది లాభం, బలవంతుడిని అతికష్టంమీద ఓడించిన వారికి నష్టం. 2019 ప్రపంచకప్‌లో పాకిస్తాన్, న్యూజిలాండ్ చెరి 11 పాయింట్లు సాధించాయి. తమ మధ్య మ్యాచ్‌లో నెగ్గింది పాకిస్తాన్. సెమీస్‌కు వెళ్లింది న్యూజిలాండ్.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌ది వేరే దారి. నాలుగు జట్ల డివిజన్‌లో రెండు సమానమైతే మొదట చూసేది ముఖాముఖి ఫలితమే. తర్వాత డివిజన్‌లో గెలుపోటములు, ఉమ్మడి ప్రత్యర్థులపై రికార్డు, కాన్ఫరెన్స్‌లో రికార్డు, ఓడించిన జట్ల సత్తా. పాయింట్ల తేడా వంతు ఆ జాబితాలో చాలా కింద వస్తుంది. అన్నీ విఫలమైతే బొమ్మా బొరుసే. ఎంత తేడాతో గెలిచారన్నది కాదు, ఎవరిని గెలిచారన్నది అక్కడ ముఖ్యం.

ఆ జాబితాతో పాకిస్తాన్ గట్టెక్కేది. మరి ముంబై? గట్టెక్కేది కాదు. మూడు జట్లూ ఒకే ప్రత్యర్థులతో ఆడి, మూడేసి గెలిచి, ఒక్కొక్కటి ఓడాయి. ఓడించిన జట్ల బలమూ సమానమే. మెట్లన్నీ దిగి చివరికి చేరేది మళ్లీ చేసిన, ఇచ్చిన పరుగుల దగ్గరికే.

నిబంధన ముందే తెలిసి ఉండటం న్యాయానికి అవసరమే కానీ అదొక్కటే చాలదు. అదే ఏడాది జూలైలో లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ సూపర్ ఓవర్‌లోనూ టై అయితే బౌండరీలు లెక్కించి ఇంగ్లండ్‌ను విజేతగా ప్రకటించారు. ఆ నిబంధనా ముందే రాసి ఉన్నదే. అయినా జనం ఒప్పుకోలేదు. అక్టోబరులో ఐసీసీ దాన్ని మార్చేసింది. ఫోర్లు ఎక్కువ కొట్టడం గెలుపుకు కొలత కాదు. పరుగులు అలా కాదు, అవి ఆటకు ప్రాణం. అందుకే సూరత్ తీర్పు కఠినమే తప్ప అన్యాయం కాదు.

డిసెంబరు 1న అదే సూరత్‌లో జరిగిన ఫైనల్లో కర్ణాటక 180, తమిళనాడు 179. అక్కడ ఏ లెక్కలూ అక్కర్లేకపోయాయి. ఒక్క పరుగే చాలింది.